పాయింట్లు తగ్గించని చుక్కలు

పిల్లల కళ్లలో రాత్రిపూట వేసే అట్రోపిన్ చుక్కల గురించి మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "పాయింట్లు తగ్గుతాయా అండీ?" తగ్గవు. ఒకసారి వచ్చిన మైనస్ పవర్‌ని ఈ మందు వెనక్కి తీసుకుపోదు. పెరిగే వేగాన్ని తగ్గిస్తుంది, అదీ అందరు పిల్లల్లో ఒకేలా కాదు. ఈ సంగతి మొదటి రోజే డాక్టరుగారు నాకు చెప్పారు. విన్నాను, తలూపాను, ఒంటబట్టించుకోలేదు. దానివల్ల మా పాప విషయంలో నేను చేసిన తప్పు ఇంకో ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను.

మాది మదనపల్లె. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి కుందలహళ్లి దగ్గర స్థిరపడ్డాం. పదో తరగతికే నాకు మైనస్ నాలుగు, ఇప్పుడు మైనస్ ఏడు. మా ఆవిడకూ అద్దాలున్నాయి. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ హ్రస్వదృష్టి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా ఎక్కువని ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా పాపకు ఒక్కసారైనా కళ్లు చూపించలేదు. ఆన్‌లైన్ క్లాసుల రోజులవి. 2020 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం అయిదో తరగతి దాకా ఆన్‌లైన్ పాఠాలు వద్దంది, జూలైలో హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. హమ్మయ్య, చదువు ఆగదు అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. బడులు తెరిచాక, రెండో తరగతిలో, బోర్డు మీది అక్షరాలు పాపకు మసకగా ఉన్నాయని టీచరమ్మ చెబితే గానీ మాకు తెలియలేదు. రెండు కళ్లకూ మైనస్ ఒకటిన్నర. లాక్‌డౌన్ లేకపోతే వచ్చేది కాదని నేను అనను. మా ఇద్దరి పిల్ల కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. ఎంత ముందు వస్తే పెరగడానికి అన్ని ఏళ్లు మిగిలి ఉంటాయన్నదే అసలు బాధ.

అద్దాలతో పాటు డాక్టరుగారు 0.01 శాతం అట్రోపిన్ చుక్కలు రాశారు. మా అమ్మకు ఫోన్‌లో చెప్పాను. "దేంతో చేస్తారురా దాన్ని?" అంది. ఉమ్మెత్తలో ఉండే మందేనమ్మా అన్నాను. "ఉమ్మెత్త తీసుకుపోయి పసిబిడ్డ కంట్లో పోస్తావా? నీకేమన్నా మతి ఉండాదా?" అని కేకలేసింది. ఆమె భయంలో న్యాయం ఉంది. ఉమ్మెత్త గింజలు తిన్న మనిషికి నోరెండిపోయి, కంటిపాపలు పెద్దవై, మతి తప్పుతుందని మా ఊళ్లల్లో అందరికీ తెలుసు. అది చాలావరకు అట్రోపిన్, దాని తోబుట్టువుల్లాంటి మందులు చేసే పనే. కానీ సీసాలో ఉన్నది వంద మిల్లీలీటర్లకు పది మిల్లీగ్రాములు. కంటి ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి వాడుతున్న ఒక శాతం మందులో ఇది నూరోవంతు.

ఇంత పల్చన చేయడం వెనుక సింగపూర్‌లో జరిగిన పని ఉంది. అక్కడ 400 మంది పిల్లలకు ఒక కంట్లో ఒక శాతం అట్రోపిన్ రెండేళ్లు వేసి, 2006లో ఫలితాలు ప్రకటించారు. పవర్ పెరుగుదల నాలుగింట మూడు వంతులు తగ్గింది. కానీ ఆ మోతాదుకు కంటిపాప పెద్దదై ఎండ చూడలేరు, దగ్గరి అక్షరాలు చదవలేరు. మందు ఆపగానే ఆగిన పెరుగుదల జోరుగా తిరిగి వచ్చింది. అందుకని మళ్లీ 400 మందిని తీసుకుని 0.5, 0.1, 0.01 శాతాలు వేసి చూశారు. మందు వేసినన్నాళ్లూ ఎక్కువ మోతాదే బాగా పనిచేసినట్టు కనబడింది. ఆపి ఏడాది చూసేసరికి లెక్క తిరగబడింది. ఎక్కువ మోతాదు వాడిన పిల్లలకే పవర్ ఎక్కువ ఎగసింది. 0.01 వాడినవాళ్లకు ఆ ఎగదన్నడం అంతగా లేదు. పల్చటి చుక్కలు ప్రపంచమంతా పాకింది ఆ తర్వాతే. మందు వేసినప్పుడే కాదు, ఆపినప్పుడు కూడా కంట్లో ఏదో ఒకటి జరుగుతుందన్న సంగతి ఆ మొదటి పరిశోధనల్లోనే ఉంది. అప్పట్లో నేను అదేమీ చదవలేదు. డాక్టరు రాశారు, మెడికల్ షాపులో కొన్నాను.

మొదటి ఏడాది శ్రద్ధగానే వేశాం. ఏడాదికి చెక్ చేయిస్తే మైనస్ రెండు. అర పాయింట్ పెరిగింది. ఆ అంకె చూసి నా మనసులో మందు మీద నమ్మకం పోయింది. వేసినా పెరిగింది కదా, ఇంకెందుకు? ఆ మే నెల సెలవులకు మదనపల్లె వెళ్తూ సీసాను బెంగళూరులో ఫ్రిజ్‌లోనే వదిలేశాం. తిరిగొచ్చాక తీయలేదు. "డాక్టర్‌ని అడిగారా?" అని మా ఆవిడ అడిగింది. అడుగుతాలే అన్నాను. అడగలేదు. ఆరు నెలలకోసారి రమ్మన్న చెకప్‌కు కూడా వెళ్లలేదు. మందే వేయనప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లడం అన్న బిడియం ఒకటి. నాకు మైనస్ ఏడు ఉన్నా చదువుకున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, ఏమైంది అన్న ధీమా ఇంకొకటి. ఈ రెండోదే ఎక్కువ చెరుపు చేసింది.

ఆ అర పాయింట్ అంకెను నేను ఎలా చదవాల్సిందో ఇప్పుడు చెబుతాను. మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన రోహిత్ సక్సేనా, ఇతర వైద్యులు 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 100 మందితో చేసిన పరిశోధన 2021లో వచ్చింది. సగం మందికి 0.01 శాతం అట్రోపిన్, సగం మందికి మందులేని చుక్కలు. ఏడాదికి మందు వేసిన పిల్లల్లో సగటున 0.16 పెరిగింది, వేయనివాళ్లలో 0.35. పెరుగుదల సగానికి పైగా తగ్గిందన్నమాట. కానీ ఈ రెండింటి మధ్య తేడా 0.19. అద్దాల పవర్ మారేది 0.25 మెట్లలో. అంటే ఏడాదిలో మందు చేసిన మేలు అద్దాల చీటీ మీద ఒక్క మెట్టు కూడా కాదు! తండ్రికి కనబడేది మందు వేసిన తన బిడ్డ ఒక్కతే. మందు వేయకపోతే ఆ బిడ్డే ఎలా ఉండేదో చూపించే రెండో బిడ్డ ఏ ఇంట్లోనూ ఉండదు. ఆ పోలిక కోసమే అన్ని వందల మంది పిల్లలను రెండు గుంపులు చేసి పరిశోధనలు చేసేది. నేను నా ఒక్క బిడ్డను, ఒక్క చీటీని పట్టుకుని మందు పనిచేయదని తీర్పు చెప్పేశాను.

మరుసటి ఏడు పేరెంట్స్ మీటింగ్‌లో, పాప బోర్డు చూడకుండా పక్కపిల్ల నోట్సు చూసి రాసుకుంటోందని టీచరమ్మ చెప్పారు. అదే సాయంత్రం దారిలో ఒక అద్దాల షాపులో కంప్యూటర్ పరీక్ష చేయిస్తే మైనస్ మూడు ముప్పావు అన్నారు. నాకు కాళ్లాడలేదు. శనివారం ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ పాప కళ్లలో కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. మళ్లీ చూస్తే మైనస్ మూడుంపావు. పిల్లల కంట్లో దగ్గరి చూపుకు పనిచేసే కండరం మహా చురుగ్గా ఉంటుంది. యంత్రంలోకి చూస్తున్నప్పుడు అది బిగుసుకుంటే లేని మైనస్ కూడా కనబడుతుంది. చుక్కలు వేసి దాన్ని సడలిస్తే గానీ పిల్లల అసలు పవర్ తేలదు. ఆ శనివారం నుంచి షాపు చీటీని నమ్మి మా పిల్లలకు అద్దాలు చేయించలేదు.

పవర్ కంటే నన్ను కలవరపెట్టింది ఇంకో యంత్రం. పాప గడ్డం దాని స్టాండు మీద ఆనించి, నుదురు పట్టీకి తాకించి, లోపలి చిన్న వెలుగును చూడమన్నారు. కంటికి ఏదీ తగల్లేదు, నొప్పీ లేదు, క్షణాల్లో అయిపోయింది. బయటికొచ్చిన కాగితం మీద కుడి కన్ను 24.71 మిల్లీమీటర్లు అని ఉంది. మొదటి ఏడాది ఫైల్లో అదే కన్ను 24.16. ఆ పాత కాగితం మా ఇంట్లోనే ఉంది, నేనెప్పుడూ చదవలేదు. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఎంత పొడవుందో చెప్పే కొలత ఇది. పుట్టినప్పుడు సుమారు పదహారు, పదిహేడు మిల్లీమీటర్లుండే కన్ను పెద్దయ్యేసరికి ఇరవైమూడు, ఇరవైనాలుగుకు వచ్చి ఆగాలి. హ్రస్వదృష్టి పిల్లల్లో ఆగాల్సిన చోట ఆగకుండా సాగుతూ పోతుంది. ఒక్క మిల్లీమీటరు అదనంగా సాగితే సుమారు రెండున్నర, మూడు పాయింట్లు పెరుగుతాయి. సాగిన కన్ను మళ్లీ కురచ కాదు. పెద్దయ్యాక లేజర్ చేయించి అద్దాలు తీసేయొచ్చు కదా అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ లేజర్ కంటి ముందు పొరను సరిచేస్తుంది, లోపలి పొడవు అలాగే ఉంటుంది. ఆ పొడవు వల్ల పల్చబడిన రెటీనా కూడా అలాగే ఉంటుంది.

డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి నా అద్దాల వైపు చూశారు. "మీ రెటీనా ఎప్పుడు చూపించుకున్నారు?" ఎప్పుడూ లేదు. అదే రోజు నా కళ్లలోనూ చుక్కలు వేశారు. ఎడమ కంట్లో అంచున రెటీనా పల్చబడి చిన్న రంధ్రాలు పడ్డాయని తేలింది. రెటీనా ఊడిపోకుండా వాటి చుట్టూ లేజర్‌తో కట్టు వేశారు. మైనస్ ఆరు దాటినవాళ్లకు రెటీనా ఊడటం, దాని నడిమి భాగమైన మాక్యులా దెబ్బతినడం, గ్లాకోమా లాంటివి వచ్చే ముప్పు ఎక్కువ. ఒక్క పాయింట్ పెరగకుండా ఆపగలిగితే అధిక హ్రస్వదృష్టి వల్ల మాక్యులా పాడయ్యే ముప్పు నలభై శాతం దాకా తగ్గుతుందని 2019లో బులిమోర్, బ్రెనన్ అనే పరిశోధకులు లెక్కకట్టారు. నాకేమైంది అన్న నా ధీమాకు జవాబు నా ఎడమ కంట్లోనే ఉంది. పాప వయసులో ఒక పాయింటంటే కొత్త అద్దాల ఖర్చే అనుకున్నాను. అది ఆమె అరవయ్యో ఏటి చూపు.

"నేను మందు ఆపినందుకేనా ఇంత పెరిగింది?" అని అడిగాను. ఆయన మాటలు దాచుకున్నాను. "అది నేను చెప్పలేను. ఈ వయసులో మందు వేసినా కొందరికి పెరుగుతుంది. కానీ ఏడాది పాటు కొలవలేదు మీరు. కొలిచి ఉంటే సగంలోనే తెలిసేది, మోతాదు మార్చేవాళ్లం." ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. మందు మానడం కంటే కొలవడం మానడం పెద్ద తప్పని అక్కడే అర్థమైంది.

ఆ ఏడాదే, 2023లో, అమెరికాలో 187 మంది పిల్లలతో జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. 0.01 శాతం చుక్కలు రెండేళ్లు వేసినా మందులేని చుక్కల కంటే మెరుగు కాలేదని తేలింది. ఆ వార్త ఆఫీసులో చదివి, అయితే నేను ఆపడం సరైనదేనా అని ఒక్క క్షణం ఊరట పడ్డాను. ఆ ఊరటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. హాంకాంగ్‌లో జేసన్ యామ్ బృందం 438 మంది పిల్లల్లో 0.05, 0.025, 0.01 శాతాలను పోల్చి 2019లో ప్రకటించిన ఫలితాలు ఆ సందేహానికి జవాబు. మందులేని పిల్లల్లో ఏడాదికి 0.81 పెరిగితే, 0.01తో 0.59, 0.025తో 0.46, 0.05తో 0.27. కంటి పొడవూ అదే వరుసలో తగ్గింది. 0.01 దగ్గర పొడవు మీద పట్టు అంతంతమాత్రమే. మన ఎయిమ్స్ పరిశోధనలో కూడా పవర్‌లో తేడా తేలింది గానీ పొడవులో తేడా స్పష్టంగా తేలలేదు. అంటే ఒక మోతాదు ఒక బిడ్డకు చాలకపోవచ్చు. చాలలేదని తెలిస్తే వెళ్లి అడగాలి, మోతాదు మార్చమనాలి. నేను ఎవరికీ చెప్పకుండా మానేశాను.

పాపకు 0.05 శాతం మొదలుపెట్టారు. దీనికి కంటిపాప కాస్త పెద్దదవుతుంది కాబట్టి ఎండకు రంగు మారే అద్దాలు వేయించాం. మొదట్లో కొన్ని వారాలు పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే కళ్లు చికిలించేది, తర్వాత సర్దుకుంది. దగ్గరి అక్షరాలు మసకబారుతున్నాయా అని ప్రతి చెకప్‌లో చదివించి చూస్తారు. చుక్క వేయడం కూడా మొదటి ఏడాది మేం సరిగా చేయలేదని అప్పుడే తెలిసింది. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో కొంచెం లాగితే చిన్న జేబులా వస్తుంది. చుక్క అందులో పడాలి, నల్లగుడ్డు మీద కాదు. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదికి కారిపోవడమే. వేశాక కళ్లు మూయించి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో మెల్లగా నొక్కి ఒకట్రెండు నిమిషాలు ఉంచాలి. అలా చేస్తే మందు ముక్కులోకి, గొంతులోకి దిగదు. సీసా తెరిచిన తేదీ మార్కర్‌తో దాని మీదే రాసి, నెల కాగానే పారేస్తాం. ఇప్పుడు పాపే "నేనే వేసుకుంటా నాన్నా, నువ్వు టైమ్ చూడు" అంటుంది. నేను టైమ్ చూస్తాను.

చుక్కలున్నాయి కదా అని మిగతావాటిని వదిలేయడం నా ఇంకో పొరపాటు. ఆ మొదటి ఏడాదిలోనే అబాకస్ క్లాసులో, సంగీతం క్లాసులో చేర్పించాం. స్కూలు బస్సు సాయంత్రం నాలుగున్నరకు దించితే, క్లాసులు అయ్యేసరికి చీకటి. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిలో రోజూ నలభై నిమిషాలు ఎక్కువగా బయట ఉంచితే మూడేళ్లలో హ్రస్వదృష్టి వచ్చిన పిల్లలు 39.5 శాతం నుంచి 30.4కు తగ్గారని 2015లో తేలింది. తైవాన్‌లో 2010 నుంచి రోజుకు రెండు గంటలు పిల్లలను బయట ఉంచమని బడులకే చెప్పారు. బయట వెలుతురు పదివేల లక్సులు సులువుగా దాటుతుంది, మన ఇంటి లోపల అయిదువందలు ఉంటే గొప్ప. ఆ వెలుతురుకు రెటీనాలో ఊరే డోపమిన్ కంటి సాగుదలను అదుపు చేస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఆడేది స్టిల్ట్ పార్కింగ్‌లో, పగలు కూడా ట్యూబులైట్లు వెలిగే చోట. అది బయట కిందికి రాదు. బెంగళూరు వాతావరణానికి ఏడాది పొడుగునా పిల్లలు ఆరుబయట ఆడొచ్చు, మదనపల్లెలో కూడా మే నెలలో అంత వీలు పడదు. అబాకస్ మాన్పించి ఆ వేళ పార్కుకు పంపుతున్నాం. అయితే బయటి వెలుతురు మేలు అద్దాలు రాకముందే ఎక్కువ. అందుకే ఇది పాప కంటే మా చిన్నవాడికి ఎక్కువ అవసరం. వాడికి ఆరేళ్లు, అద్దాలు రాలేదు. ఏడాదికోసారి చుక్కలు వేయించి చూపిస్తున్నాం, కంటి పొడవు కొలిపిస్తున్నాం.

పవర్ కాస్త తక్కువ పెట్టిస్తే కన్ను కష్టపడి నిలబడుతుందని పెద్దవాళ్లు చెబుతారు. మేం మొదటి అద్దాలకు ఆ పనే చేయబోయాం, డాక్టరు ఒప్పుకోలేదు. మలేసియాలో 2002లో దాన్నీ పరీక్షించారు, తక్కువ పవర్ పెట్టిన పిల్లలకే ఎక్కువ పెరిగింది. మా అమ్మ ఇప్పటికీ వచ్చిన ప్రతిసారీ పొన్నగంటి కూర కట్టలు తెస్తుంది. వండుకుని ఇష్టంగా తింటాం. ఒంటికి మంచిది. కంటి పొడవు దానికి లొంగదు, ఆ సంగతి ఆమెకు చెప్పాను. "సరేలే, చుక్కలు వేయండి, కూరా పెట్టండి" అంది.

తెలుగునాట ఇది పెద్ద సమస్య కాదనుకునేవాళ్లకు ఒక్క మాట. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లలను పరీక్షించి 2002లో ప్రకటిస్తే, హ్రస్వదృష్టి ఉన్నవాళ్లు నూటికి నలుగురు. అదే ఏడాది ఢిల్లీ లెక్క నూటికి ఏడుగురు, 2015 నాటికి ఢిల్లీ బడిపిల్లల్లో పదమూడు మంది. మన పల్లెలు పట్నాలవుతున్నాయి, పిల్లలు గదుల్లోకి చేరుతున్నారు. నెలకు కొన్ని వందల రూపాయల మందు, ఆరు నెలలకో కొలత భరించలేని ఇళ్లు చాలా ఉన్నాయి. బెంగళూరులోని మింటో లాంటి ప్రభుత్వ కంటి ఆసుపత్రుల్లో, మన జిల్లా ఆసుపత్రుల్లో పిల్లలకు కంటి పొడవు కొలిచే యంత్రమూ, ఈ చుక్కలూ సులువుగా దొరకాలని గట్టిగా కోరుకుంటాను.

పాప ఇప్పుడు మైనస్ మూడుముప్పావు. చుక్కలు మళ్లీ మొదలుపెట్టాక రెండున్నరేళ్లకు పెరిగింది అర పాయింటే. వయసు పెరిగే కొద్దీ వేగం దానంతటదే నెమ్మదిస్తుంది కాబట్టి అంతా మందు గొప్పే అని నేను అనను. మొన్న పక్క బ్లాకులో ఒకాయన, వాళ్ల అబ్బాయికి మందు వేసినా పావు పాయింట్ పెరిగింది, మానేద్దామనుకుంటున్నాం అన్నారు. పాప కంటి పొడవు కాగితాలు రెండూ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వాళ్ల అబ్బాయి ఫైల్లో కంటి పొడవు కొలత ఉందా అని అడిగాను, ఆయనకు తెలియదు. ఇద్దరం కలిసి వెతికాం, లేదు. సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. మా పాపకు పద్నాలుగో ఏడు దాటాక, పొడవు నిలకడగా ఉంటే, 0.05 నుంచి మెల్లగా కిందికి దించుతూ రావడం గురించి మాట్లాడదామని డాక్టరుగారు అన్నారు. అప్పటిదాకా రాత్రికో చుక్క, ఆరు నెలలకో కొలత.